నేను చూచిన మూడు చలనచిత్రములు



ఇటీవలి కాలమున నేను చిత్రశాలలలో చూచిన చలనచిత్రములలో మూడింటినిగూర్చి నా యభిప్రాయములను మీకు విన్నవించుటకు వచ్చితిని. ముప్పదియేండ్లకు పైబడి పాఠశాలలో సంధులు, సమాసములు, ఛందస్సు చెప్పినవానికి సినిమాలతో నేమి పనియని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. నాట్యమును పంచమవేదమని చెప్పినవారు మన పూర్వులే. వేదము నందుకొనలేని జనులకు కూడ కన్నులకు, చెవులకు ఒక్కసారి యందునట్లు ధర్మమును బోధింపవలెనని దేవతలు కోరగా బ్రహ్మ నాట్యవేదమును కల్పించెనని భరతుని శాస్త్రము చెప్పుచున్నది. ఆ పనియే నేడు వెండితెర చేయుచున్నది. మంచిగా చేయుచున్నదా, చెడుగా చేయుచున్నదా యనునది వేరు విచారము. కావున చిత్రమును చూచి గుణదోషములు తర్కించుట పండితునకు తగని పని కాదు. చూడకయే నిందించుట మాత్రము ఎవరికిని తగదు.

మొదట కొంచెము పూర్వవృత్తాంతము. తెలుగున మొట్టమొదటి పూర్తి మాటల చిత్రము ‘భక్త ప్రహ్లాద’. హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున తయారై 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయ్యెను. సురభివారు ప్రదర్శించుచుండిన నాటకము దానికి ఆధారము. ఆ చిత్రపు ప్రతి నేడు లభించుట లేదు. అందు చండామార్కుల బడిలో చదువురాని మొద్దుశిష్యుడుగా ఒక యువకుడు చిన్న వేషము వేసెను. అతడే ఎల్. వి. ప్రసాద్ గారు. తరువాత గొప్ప దర్శకుడై, నిర్మాతయై, 1982వ సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొందెను. వెనుక బల్లమీది పిల్లవానిని తీసివేసి మాటలాడరాదని ఉపాధ్యాయులకు ఇదియొక పాఠము.

ఇక్కడ మనము గమనింపవలసిన మార్పొకటి గలదు. 1932లో ఆ చిత్రమునకు వెళ్లినవాడు ప్రహ్లాదుని కథ తెలిసికొనుటకై వెళ్లలేదు. ఆ కథ హరిదాసు చెప్పగా వినెను. యక్షగానమువారు ఆడగా చూచెను. బడిలో పోతన పద్యములు వల్లించెను. తెలిసిన కథను తెరపై నెట్లు చూపిరో చూచుటకే వెళ్లెను. తప్పున్నయెడల తానే పట్టుకొనెడివాడు. నేటి బాలుని స్థితి యట్లు కాదు. వాడు ప్రహ్లాదుని మొట్టమొదట తెరమీదనే చూచుచున్నాడు. పూర్వము కథ ఇంటినుండి నాటకశాలకు పోయెడిది. ఇప్పుడు చిత్రశాలనుండి ఇంటికి వచ్చుచున్నది. అట్లు వచ్చినదానిని గడపకడ నిలిపి, విచారించి, లోనికి తీసికొనువారు ఇంట నుండవలెను. ఆ పని పెద్దలది. నేను చెప్పదలచిన దానికి సారాంశ మిదియే. దీనిని మనసునం దుంచుకొని మూడు చిత్రములను పరిశీలింతము.

మొదటిది ‘మహావతార్ నరసింహ’. అశ్విన్ కుమార్ గారు దర్శకత్వము వహించినది; 2025 జూలై 25వ తేదీన విడుదలైనది. ఇందు నటీనటులు లేరు. కంప్యూటరు సాయమున గీచి కదలించిన బొమ్మలే పాత్రలు. హిందీలో తీసి, తెలుగు మొదలైన భాషలలో మాటలు చేర్చిరి. దశావతారములను వరుసగా చిత్రములుగా తీయు సంకల్పములో ఇది మొదటిదని నిర్మాతలు ప్రకటించిరి.

మాది ధర్మపురి నరసింహస్వామి సీమ. గోదావరి యొడ్డున వెలసిన ఆ స్వామి పేర శేషప్పకవి శతకము చెప్పెను. మా బడులలో ఆ సీసపద్యములు రాని పిల్లవాడు ఒకప్పుడు లేడు. కావున నరసింహుని కథ యనగనే నేను కొంత భయముతోను, కొంత ఆశతోను వెళ్లితిని. పదియేండ్ల మనుమడు నా ప్రక్కన కూర్చుండెను.

మెచ్చవలసినవి ముందు చెప్పెదను. దితికశ్యపుల వృత్తాంతమును, హిరణ్యాక్షవధను, వరాహావతారమును విడువక, పగ యెక్కడ పుట్టినదో చూపిరి. మన పిల్లలు సాధారణముగా స్తంభమునుండియే కథ నెరుగుదురు. దాని వేరు వారికి తెలియదు. భాగవతమున దితి కోరిక సంధ్యాసమయమున కలిగినది. హిరణ్యకశిపుని మరణమును సంధ్యాసమయముననే జరిగినది. ఈ పొందికను పెద్దలు ఇంట కలిపి చెప్పుట కిది మంచి అవకాశము. వరాహమూర్తి భూమి నెత్తుటయు, స్తంభము పగులుటయు బొమ్మలలో తీర్చిన తీరు ఘనముగా నున్నది. వేషము వేసిన మనుష్యునకు సింహపు తల తగిలించినప్పుడు కలుగు వెలితి ఇందు లేదు. నర, సింహ రూపములు రెండును ఒక దేహమున నిజముగా కలిసినట్లు కనబడెను.

ఇక లోపములు. హిరణ్యకశిపునితో స్వామి యుద్ధము చాలసేపు సాగినది. భాగవతమున దైత్యుడు కత్తియు పలకయు పట్టి యెదిరించుట యున్నది గాని అది కొలదిసేపటిది. ఆ కథకు ప్రాణము బాహుబలము కాదు. వరములోని చిక్కును విప్పిన బుద్ధి. పగలు గాదు, రాత్రి గాదు, లోపల గాదు, బయట గాదు, నేలమీద గాదు, నింగిమీద గాదు, మనుష్యుడు గాదు, మృగము గాదు, ఆయుధము గాదు. ఒక్కొక్క కట్టును ఒక్కొక్క విధముగా సంధ్య, గడప, తొడ, నరసింహరూపము, గోళ్లు విప్పినవి. ఈ లెక్క పిల్లలకు పొడుపుకథవలె రుచించును. దానిని నిదానముగా విప్పి చూపినయెడల కలుగు ఆనందమును, చాలసేపటి కొట్లాట కొంత మింగివేసినది. చిన్నపిల్లలు జడుసుకొని తల్లుల కొంగులలో ముఖములు దాచుకొనుట నేను చూచితిని.

హోలిక వృత్తాంతము నిందు చేర్చిరి. ఆమె ప్రహ్లాదుని ఒడిలో నిడుకొని అగ్నిలో కూర్చుండుట ఉత్తరదేశమువారి హోలీపండుగతో పెనవేసికొన్న కథ. మన పోతన భాగవతమున ఈ ఘట్టము లేదు. చేర్చుట తప్పని నే ననను. పురాణములు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క కొమ్మ వేయును. ఏ కొమ్మ యెక్కడిదో పిల్లవానికి తెలిపినచో చాలును.

నేను 1967లో వచ్చిన ఏ. వి. ఎం. వారి ‘భక్త ప్రహ్లాద’ను బాల్యమున టూరింగు టాకీసులో చూచినవాడను. ఎస్. వి. రంగారావుగారు హిరణ్యకశిపుడు, రోజారమణి బాలప్రహ్లాదుడు, బాలమురళీకృష్ణగారు నారదుడు. రంగారావుగారి ముఖమున కోపమును పుత్రప్రేమయు ఒకదానితో నొకటి పెనగులాడుచుండెడివి. కొడుకును కొండమీదినుండి త్రోయింపుమని ఆజ్ఞ యిచ్చిన తండ్రియు తండ్రియే యను సంగతి ఆ ముఖము చెప్పినది. బొమ్మల ముఖమున కోపము కనబడెను గాని ఆ పెనగులాట కనబడలేదు. ఎంత గొప్ప యంత్రమైనను ఇంకను అందుకొనవలసిన మెట్టు ఇది యని నా తలంపు.

బడిపంతులుగా మరియొక మాట. మన చిత్రములలోను, నాటకములలోను చండామార్కులు చిరకాలముగా హాస్యమునకే పనికివచ్చిరి. మూలమున వారి స్థితి నవ్వదగినది కాదు. వారు శుక్రాచార్యుని పుత్రులు. రాజు పెట్టు కూడు తినువారు. రాజు కోరిన చదువే చెప్పవలసినవారు. శిష్యుడు తాము చెప్పని మాటను సభలో చెప్పినప్పుడు వారి గుండె లెట్లు కొట్టుకొనెనో జీతముపై పనిచేసిన ప్రతి ఉపాధ్యాయునకు తెలియును. చెప్పినదానిని మించి యెదిగిన శిష్యుని చూచి సంతసింపవలెనా, భయపడవలెనా? ఈ ప్రశ్నను తెరపై నిజముగా చూపగల దర్శకు డొకడు ఎప్పటికైనను రావలెనని నా కోరిక.

ఇంటికి వచ్చుచు నా మనుమ డడిగెను: “తాతా! ఆ కంబంలోనే దేవుడున్నాడని ప్రహ్లాదునికి ముందే తెలుసా? ఒకవేళ రాకుంటే ఏం చేసేవాడు?” ఈ యొక్క ప్రశ్నకు చిత్రపు వెల చెల్లినదని తలచితిని. నే నిట్లు చెప్పితిని: “స్తంభమును చూపినది ప్రహ్లాదుడు కాడురా, తండ్రి. కొడుకు అంతటను గలడని మాత్ర మనెను. పరీక్షించు చోటును ఎదుటివానికి విడిచిపెట్టెను. తన మాటపై నమ్మకమున్నవాడు చోటు నెన్నుకొనడు.” పిల్లవాడు కొంతసేపు మాటలాడలేదు. మరునాడు సప్తమస్కంధము తెచ్చి ఆ ఘట్టమును చదివి వినిపించితిని. తెరమీద చూచి యుండుటచేత వానికి పద్యము కష్టమని తోచలేదు. ఉగ్రుడైన స్వామిని చేరుటకు లక్ష్మీదేవికి కూడ వెరపు కలుగగా పసివాడు చేరి శాంతింపజేయుటయు, తన్ను బాధించిన తండ్రికి సద్గతి కోరుటయు చదివినప్పుడు వాని కన్నులు చెమర్చినవి. జడిపించిన దృశ్యమునకు అదియే మందు.

రెండవది ‘కల్కి 2898 ఏడీ’. నాగ్ అశ్విన్ గారి దర్శకత్వము. వైజయంతీ మూవీస్ వారి నిర్మాణము. 2024 జూన్ 27వ తేదీన విడుదలైనది. ఇది పురాణము కాదు, పురాణమునకు ముందుకాలమున అల్లిన కల్పన. క్రీస్తుశకము 2898లో గంగ యెండిపోయినది. కాశి యొక్కటియే మిగిలిన నగరము. నీరు, పచ్చదనము మొదలైన సంపద యంతయు ఆకాశమున వ్రేలాడు ‘కాంప్లెక్స్’ అను ఒక కట్టడములో బంధింపబడినది. శంబల యనుచోట కొందరు రాబోవు అవతారమునకై ఎదురుచూచుచుందురు. ఆ శిశువును మోయు తల్లికి సుమతి యని పేరు. కల్కిపురాణమున తల్లి పేరు సుమతియే. భాగవతమున కల్కి పుట్టుచోటు శంబలగ్రామమే. రచయిత గ్రంథముల ముఖము చూచినవాడని దీనివలన తెలియుచున్నది.

సంవత్సరపు లెక్కయు ఉబుసుపోకకు వేసినది కాదు. మన పంచాంగగణనలో కలియుగారంభము క్రీస్తుపూర్వము 3102. దానికి 2898 కూడిన సరిగా 6000. కథయంతయు ఆరువేల యేండ్లు బ్రతికియున్న అశ్వత్థామచుట్టును తిరుగుచున్నది. అమితాబ్ బచ్చన్ గారు ఆ పాత్రను ధరించిరి. వ్యాసభారతమున సౌప్తికపర్వమునందు శ్రీకృష్ణుడు ఇచ్చిన శాపము మూడువేల యేండ్ల కాలమునకే. చిత్రమున అది యినుమడించినది. ఇది తెలిసియు నేను ఈ మార్పును దోషముగా నెంచను. ఏల ననగా మార్పునకు ప్రయోజనము గలదు.

ఆ ప్రయోజన మేమో వినుడు. ఉత్తర గర్భమున నున్న శిశువుపై అస్త్రమును విడిచినవాడు అశ్వత్థామ. భారతకథలో అంతకు మించిన పాతకము లేదు. ఈ చిత్రమున అతడే యుగాంతమున మరియొక గర్భిణిని, ఆమె గర్భమును కాచుటకు కావలి నిలిచెను. ఏ గర్భమునకు ద్రోహము చేసెనో ఆ గర్భముచేతనే అతనికి విముక్తి. వ్యాసు డీమాట చెప్పలేదు. అయినను వ్యాసుడు వినినచో కోపింపడని నా నమ్మకము. పాపమును పోగొట్టుకొనుటకు అదే చోట మంచిపని చేయవలెననునది మన ధర్మమునకు దూరమైన భావము కాదు. మూలమును మార్చుటలో రెండు రకములు గలవు: తెలియక మార్చుట, తెలిసి పెంచుట. ఇది రెండవ రకము. యుద్ధభూమిలో అశ్వత్థామకు శాపమిచ్చు శ్రీకృష్ణుని ముఖమును చూపకపోవుటయు నాకు నచ్చినది. చూపనిదానిని ప్రేక్షకుడు తన మనసున నింపుకొనును.

అయితే ఈ మంచి భావము చిత్రములో కొలదిభాగమే. కథానాయకుడైన భైరవుని పరిహాసములు, అతని మాటలాడు బండి, వెంట తరుములాటలు, ప్రేలుళ్లు చాలకాలమును తినివేసినవి. సగము చిత్రమువరకు కథ యెటు పోవుచున్నదో ముసలివారికి అంతుపట్టదు. చివర భైరవుడే కర్ణుడని సూచించి ముగించిరి. నేటి చిత్రములలో కర్ణునిపై అభిమానము మెండు. ద్రోణపర్వమున కర్ణుడు కృపాచార్యుని నిందింపగా అశ్వత్థామ కత్తి దూసి అతనిమీదికి పోయిన ఘట్టము గలదు. ఒకే పక్షమున నుండియు వారికి పొత్తు కుదరలేదని పిల్లలకు చెప్పవలెను. కర్ణుని శౌర్యమును చూపుట మంచిదే. ద్రౌపది సభలో నున్ననాడు అతడు పలికిన పలుకులను మరపించుట మాత్రము మంచిది కాదు.

ఇంటరు చదువుచున్న నా మనుమరాలు చిత్రము చూచి, “తాతా, చావకుండా బతకమనడం వరమే కదా? అది శాపం ఎట్లయితది?” అని యడిగెను. భారతమంతయు తిరుగవేసినను ఇంతకంటె మంచి ప్రశ్న దొరకదు. ఎవరితోను మాటలేక, ఎవరును చేరనీయక, పుండ్లతో ఒంటరిగా తిరుగుమని అతనికి శాపము. మాటలాడువారు లేని దీర్ఘాయువు వరము కాదని చెప్పితిని. ఇది మన వంటి పెద్దలకే యెక్కువగా తెలిసిన సంగతి. అర్థమైనట్లు ఆమె నా ముఖమువంక చూచి, ఆనాటినుండి సాయంకాలము కొంతసేపు నాకడ కూర్చుండుచున్నది.

మూడవది 2023 మార్చి 3వ తేదీన విడుదలైన ‘బలగం’. కాలక్రమమున మొదటిదైనను చివరకు ఉంచితిని. నామనసున దానికి పెద్దపీట. వేణు యెల్దండి గారు దర్శకులు. సిరిసిల్ల ప్రాంతపు పల్లె దానికి రంగము. ఇందు దేవతలు లేరు, యుద్ధములు లేవు. కొమురయ్య యను వృద్ధుడు మరణించును. మనుమడు సాయిలు అప్పులలో మునిగి, పెండ్లికట్నముతో తీర్చుకొందునని యెంచుచుండగా ఈ చావు వచ్చి అడ్డుపడినది. దినములు మొదలైనవి. మూడవనాడు పిట్టకు పెట్టిరి, కాకి ముట్టలేదు. ఐదవనాడును ముట్టలేదు. ముసలివాని మనసున తీరని కోరిక యేదియో యున్నదని ఊరివారు గుసగుసలాడిరి.

ఆ కోరిక యేమి? ఇరువదియేండ్ల క్రిందట విందులో అల్లునకు నల్లిబొక్క వడ్డింపలేదని పుట్టిన మాటపట్టింపుచేత ఇంటి యాడుబిడ్డ పుట్టింటి గడప త్రొక్కలేదు. నల్లిబొక్క యనగా మూలుగుటెముక. వినుటకు నవ్వు వచ్చును. కాని శ్రోతలారా, మన యూళ్లలో అన్నదమ్ములు విడిపోయిన కారణములను ఒక్కసారి తలచుకొనుడు. గెట్టుమీది చెట్టుకొమ్మ, పెండ్లిలో పెట్టని బట్ట, ముందుగా పిలువని పిలుపు. భారతయుద్ధమునకు రాజ్యము కారణము; మన యిండ్లలోని యుద్ధములకు ఎముక చాలును. ఈ సంగతిని నవ్వించుచు మొదలుపెట్టి, నవ్విన నోటిని మూయించి, కన్నీరు తెప్పించిన చిత్ర మిది.

ధర్మశాస్త్రమున వాయసమునకు పిండము పెట్టు విధి యున్నది. చిత్రము దానిని వింతగా గాని, పరిహాసముగా గాని చూపలేదు. కాకి యెందుకు ముట్టలేదో తేల్చుటయు దాని పని కాదు. కాకి ముట్టనందున బ్రతికియున్నవారు ఒకరి ముఖము నొకరు చూచుకొనవలసి వచ్చినది, అదియే కథ. కర్మకాండము పోయినవారికొరకే గాక ఉన్నవారికొరకును ఏర్పడినదని నేను పాఠములలో చెప్పిన దానికంటె ఈ చిత్రము స్పష్టముగా చెప్పినది.

భాషనుగూర్చి ఒక మాట చెప్పక తీరదు. నేను గ్రాంథికభాషలో పెరిగి, దానినే బోధించి, ఇప్పుడును దానిలోనే మీతో మాటలాడుచున్నాను. మా ప్రాంతపు పల్లెమాటను చిత్రములలో చిరకాలము నవ్వుటాలకు, దుష్టపాత్రలకు మాత్రమే వాడిరి. ‘బలగం’లో ఆ మాటతోనే తండ్రి కొరకు కొడు కేడ్చెను, అన్నకొరకు చెల్లె లేడ్చెను. వినుచున్న నాకు వ్యాకరణము జ్ఞప్తికి రాలేదు. దుఃఖమునకు సూత్రములు లేవు. తల్లి నేర్పిన మాటయే దానికి శిష్టభాష. చిత్రమునందలి పల్లెటూరి పాటకు కాసర్ల శ్యామ్ గారికి 2025లో ప్రకటించిన జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ గీతరచయిత గౌరవము లభించుట మా మాటకు లభించిన గౌరవమని సంతసించితిని.

చివర బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు శారదకథవారి రీతిలో పాడిన పాట చిత్రమునకు తలమానికము. పోయినవాని మనసును బ్రతికినవారికి విప్పి చెప్పుట ఆ గాయకుల వృత్తి. తరతరములుగా చావింటి ముందు చేసిన ఆ పనినే తెరపై చేసిరి. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కాలధర్మము నొందిరి. ఆ పాట మిగిలినది. కాని ఆ విద్యను నేర్చుకొనువారు మిగులుదురా యని విచారము కలుగుచున్నది. తెరమీద విని కన్నీరు పెట్టినవారు తమ యూరికి వచ్చిన కథకునికి చేరెడు బియ్యము పెట్టి ఒక రాత్రి కథ చెప్పించినయెడల ఆ కన్నీరు సార్థకమగును.

2023లో తెలంగాణమునందలి పెక్కు గ్రామములలో ఈ చిత్రమును వీధిలో తెరకట్టి ఊరందరికి చూపిరి. నేనును ఒక యూర పంచాయతీ కార్యాలయము ముందు చాపమీద కూర్చుండి రెండవమారు చూచితిని. ఆ యూర ఒక బావి నీటి విషయమై చాలయేండ్లుగా మాటలు లేని అన్నదమ్ములు ఆ రాత్రి చెరియొక చివర కూర్చుండిరి. చిత్రము ముగిసిన వెంటనే కౌగిలించుకొనిరని చెప్పను. ఎవరి దారిని వారు పోయిరి. రెండు నెలలకు తల్లి తద్దినమును మాత్రము ఒక్కచోట పెట్టిరి. బావి తగవు ఇంకను తీరలేదు. అయినను ఒక చిత్రము అంత చేసిన చాలదా?

మూడు చిత్రములను చూచితిమి. ఒకటి పురాణమును చూపినది. రెండవది పురాణమును పెంచినది. మూడవది పురాణము చేయవలసిన పనిని ఒక పల్లెకథతో చేసినది. వ్యయమునుబట్టి గాని, ఆర్భాటమునుబట్టి గాని చిత్రపు విలువ కట్టరాదని వీనివలన స్పష్టమగుచున్నది. ఇంటికి వచ్చిన పిమ్మట ఏ ప్రశ్న మిగిలినదో, ఏ బంధము కదలినదో దానినిబట్టి విలువ కట్టవలెను.

కడపట పెద్దలకు నాలుగు మనవులు. మొదటిది, పిల్లలతో కూడ మీరును వెళ్లుడు. టికెట్టు కొని యిచ్చి పంపివేయుట పెంపకము కాదు. రెండవది, వెళ్లుటకు ముందు చిత్రమునకు ప్రభుత్వ సంస్థవారిచ్చిన ధ్రువపత్రమును అడిగి తెలిసికొనుడు. 2023లో చట్టమును సవరించి ‘యూఏ’ తరగతిని ఏడేండ్లు, పదమూడేండ్లు, పదునారేండ్లు పైబడినవారికని మూడు విధములుగా విభజించిరి. పసివారిని పెద్దల చిత్రమునకు తీసికొనిపోయి, పిదప పిల్లవాడు నిద్రలో ఉలికిపడుచున్నాడని చిత్రమును నిందించిన ప్రయోజనము లేదు. చిత్రశాలలలో ధ్వనియు నేడు మితి మీరుచున్నది. చంటిబిడ్డల చెవుల నెంచి వెనుక వరుసలలో కూర్చుండుడు. మూడవది, చూచుచున్నప్పుడు ప్రక్కనుండి తప్పులు పట్టకుడు. పిల్లవాని రసము చెడును. మరునాడు తీరికగా అడుగుడు: నీకు ఎవరు నచ్చిరి? ఏల నచ్చిరి? వాడే వెనుకకు తిరిగి మిమ్ము ప్రశ్నించును. నాలుగవది, అప్పుడు పుస్తకము తెరువుడు. భాగవతమో, భారతమో, శతకమో, మీ యింట నున్నదే చాలును. చదువను రానివారు తమ తాతనాటి సంగతి యొకటి చెప్పిన చాలును.

సినిమాలవలన పిల్లలు చెడుచున్నారని తరచుగా వినుచున్నాము. కొన్నింటివలన చెడుచున్నమాట సత్యమే. కాని తెరముందు పిల్లవాని నొంటరిగా విడిచిపెట్టి, తెరను తిట్టుట న్యాయము కాదు. వెనుకటికాలమున హరికథ విని వచ్చిన రాత్రి అరుగుమీద దానిపై చర్చ జరిగెడిది. కథకుడు సగము చెప్పెను. అరుగు సగము చెప్పెను. నేడు కథకుడు మారినాడు. అరుగు మన చేతిలోనే యున్నది.